చందమామ 31 మిల్లీమీటర్లు

ఇన్‌స్టాగ్రామ్‌లో నీహారికలన్నీ ఒకటే సైజు. నలుచదరపు గడి, నల్లటి వెనకతెర, మధ్యలో ఎర్రగానో నీలంగానో ఒక మేఘం. వేలితో పైకి తోస్తే ఇంకోటి. ఉంగరంలా ఉండే ఎం57 ఆ గడి నిండా ఉంటుంది. నార్త్ అమెరికా నెబ్యులా కూడా ఆ గడి నిండానే ఉంటుంది. ఆకాశంలో మాత్రం ఎం57 లాంటివి 85 పక్కపక్కన పేరిస్తే గానీ రెండోదాని వెడల్పు రాదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఫోన్‌ని కంటికి అడుగు దూరంలో పట్టుకుంటాం. తెర వెడల్పు ఏడు సెంటీమీటర్లు అనుకుంటే అది మన చూపులో సుమారు 13 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ఎం57ని ఆ వెడల్పుకి సాగదీస్తే, మామూలుగా ఆకాశంలో ఉన్నదానికంటే 500 రెట్లకు పైగా పెంచినట్టు. నార్త్ అమెరికా నెబ్యులాని పెంచింది ఆరేడు రెట్లే. ఈ తేడా పట్టించే ఆనవాలు ఫొటోలో ఒక్కటీ ఉండదు. కొండని ఫొటో తీస్తే కింద మేకలైనా ఉంటాయి, పక్కన ఒక కరెంటు స్తంభమైనా ఉంటుంది. నీహారిక పక్కన ఏముంటుంది? ఇంకొన్ని చుక్కలు.

దాంతో జనం మనసులో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. నీహారికలంటే ఎక్కడో చాలా దూరంలో, చాలా చిన్నగా ఉంటాయనీ, బ్రహ్మాండమైన టెలిస్కోపుతో లక్ష రెట్లు పెద్దవి చేసి చూపిస్తారనీ. దూరం సంగతి నిజమే. చిన్నవన్నది మాత్రం చాలావాటి విషయంలో అబద్ధం. అవి పెద్దవి, కాకపోతే మసకవి. నాలుగేళ్ళుగా మా డాబా మీద రాత్రుళ్ళు కూర్చుంటున్న నేను అందరికీ చెప్పాలని తంటాలు పడుతున్నది ఈ ఒక్క ముక్కే. చెప్పడం ఇంత కష్టమని అనుకోలేదు.

నీహారిక అన్న మాట మనకి బాగా కుదిరింది. నీహారం అంటే మంచు. పొద్దున్నే పొలాల మీద ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా పరుచుకునే మంచు. మాట పుట్టించినవాళ్ళకి ఆ వస్తువు స్వభావం తెలుసు. ఇప్పుడది ఆడపిల్లల పేరు. మా అమ్మాయి క్లాసులోనే ఇద్దరు నీహారికలున్నారు. "నాన్న రాత్రి నీహారికని ఫొటో తీశాడు" అని మా అమ్మాయి స్కూల్లో చెప్పొచ్చిన రోజు, ఆ సంగతి నేను పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వివరించుకోవాల్సొచ్చింది.

మేముండేది టోలిచౌకిలో, మూడంతస్తుల ఇంట్లో పై వాటా. డాబా మీద నిలబడితే పడమరకి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, నైరుతిన గోల్కొండ, ఉత్తరాన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ గుట్టలు. టెలిస్కోప్ మౌంట్‌ని ముందుగా ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల చిల్లర, కాబట్టి ధ్రువుడు కూడా ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మా డాబా నుంచి అంటే సరిగ్గా ఫిల్మ్‌నగర్ దీపాల మీద. తెలుగు సినిమా తారలందరి మధ్యలో ఉన్న ఆ ఒక్క అసలు తారని వెతుక్కోవడంతో నా రాత్రి మొదలవుతుంది.

ఆకాశం చీకటిని 1 నుంచి 9 దాకా లెక్కగట్టే బోర్టిల్ కొలమానం ఒకటుంది. 2001లో జాన్ బోర్టిల్ అనే అమెరికన్ ఔత్సాహికుడు తయారుచేశాడు. 1 అంటే ఎడారి చీకటి. మాది ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. మబ్బు లేని రాత్రి కూడా లెక్కపెడితే ముప్ఫై నలభై చుక్కలు కనిపిస్తాయంతే. ఇక్కడి నుంచి నీహారికల్ని ఫొటో తీస్తున్నానంటే ఎవరూ నమ్మరు. కానీ హైడ్రోజన్ పుణ్యమా అని వీలవుతుంది. నీహారికల్లో వేడెక్కిన హైడ్రోజన్ ఎర్రటి వెలుగుని ఒకే ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గర, 656.3 నానోమీటర్ల దగ్గర, విడుదల చేస్తుంది. దాని చుట్టూ కొన్ని నానోమీటర్లు మాత్రమే వదిలి మిగతాదంతా ఆపేసే ఫిల్టర్ పెడితే వీధిదీపాలు, హోర్డింగులు, కన్వెన్షన్ సెంటర్ల సెర్చ్‌లైట్లు చాలావరకు బయటే ఉండిపోతాయి.

ఇక నా టెలిస్కోపు. దీన్ని చూసినవాళ్ళు మొహమాటపడతారు. 250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న గొట్టం, జానెడున్నర కూడా ఉండదు. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు తాళి కట్టే సీను తీయడానికి వాడే 70-200 లెన్సుకి ఇది అన్నయ్య. "ఇంతేనా?" అంటారు. ఇంతే. ఇంకా పెద్దది కొంటే ఇందులో పట్టేవి అందులో పట్టవు. నా కెమెరా, ఈ గొట్టం కలిపి 5.4 డిగ్రీల వెడల్పు ఆకాశాన్ని పట్టుకుంటాయి. ఆండ్రోమెడా గెలాక్సీ పొడవు 3 డిగ్రీలకు పైనే. పెద్ద టెలిస్కోపుతో దాన్ని తీయబోతే ఏనుగుని కిటికీలోంచి ఫొటో తీసినట్టుంటుంది.

మరి కంటికెందుకు కనపడవు? కన్ను వెలుతురుని పోగుచేసుకోలేదు. సెకనులో పదో వంతో అయిదో వంతో కూడబెట్టి మెదడుకి పంపేసి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. పైగా చీకట్లో పనిచేసే మన కంటి కణాలకి ఆ ముదురెరుపు దాదాపు అందదు. టెలిస్కోపులో కన్ను పెట్టినా నీహారిక పెద్దదవుతుంది గానీ, దాని ఒక్కో చదరపు భాగం మామూలు కంటికి కనిపించేదానికంటే కాంతివంతం కాదు. కెమెరాకి ఆ తొందర లేదు. మొన్న జనవరిలో రోజెట్ నెబ్యులాని మూడు రాత్రులు తీశాను. మూడేసి నిమిషాల ఫొటోలు 200, అంటే 10 గంటలు. సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చితే, ఫిల్మ్‌నగర్ వెలుగు తాలూకు రొద తగ్గి ఆ గులాబీ నెమ్మదిగా పైకి తేలింది. అది చందమామ కంటే రెండున్నర రెట్లు వెడల్పు. మూడు రాత్రులూ అది మా వీధి పైనే ఉంది, కింద షవర్మా బండి దగ్గర నిలబడ్డవాళ్ళందరి నెత్తి మీద.

ఇప్పుడు ఈ ఫొటోని ఎవరికైనా ఎలా చూపించాలి?

అందరూ చేసేది కింద కాంతి సంవత్సరాలు రాయడం. రోజెట్ నెబ్యులా, 5,000 కాంతి సంవత్సరాల దూరం. ఆండ్రోమెడా, 25 లక్షల కాంతి సంవత్సరాలు. పుస్తక సమీక్షలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఈ అంకెలు అట్ట వెనక రాసే పొగడ్తల్లాంటివి. చదివినవాడు "అబ్బో" అంటాడు, పుస్తకం కింద పెట్టేస్తాడు. 5,000కీ 25 లక్షలకీ మధ్య తేడా ఒళ్ళు గ్రహించదు. పైగా ఆ అంకెలు మన తప్పుడు నమ్మకాన్నే బలపరుస్తాయి: అంత దూరమా, అయితే మనకేం కనబడుతుందిలే అని. మన తెలుగు పాపులర్ సైన్సు వ్యాసాల్లో మూడొంతులు ఈ "అబ్బో" మీదే బతుకుతున్నాయి.

రెండో పద్ధతి చందమామని అతికించడం. ఆండ్రోమెడా పక్కన అదే కొలతలో నిండు చంద్రుణ్ణి పెట్టిన ఫొటోలు నెట్‌లో చాలా తిరుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. గెలాక్సీ నిలువునా ఆరుగురు చంద్రులు పడతారు. ఇది కదా చెప్పే పద్ధతి అనుకున్నాను. కానీ ఆ దృశ్యం ఆకాశంలో ఎన్నటికీ జరగదు. చంద్రుడు ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికి మహా అయితే 28 డిగ్రీల చిల్లర దాకా వెళ్తాడు, ఆండ్రోమెడా 41 డిగ్రీల దగ్గరుంది. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడరు. నిలబడినా, చంద్రుడి వెలుగులో గెలాక్సీ కనబడదు. కొలతలో నిజం, చోటులో అబద్ధం. ఆ ఫొటోల కింద "ఫేక్" అనేవాళ్ళూ ఉంటారు, "వావ్, ఎక్కడి నుంచి కనిపిస్తుంది?" అని అడిగేవాళ్ళూ ఉంటారు. ఇద్దరికీ జవాబు చెప్పలేం.

ఈ విషయం మీద నాకూ, ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటుకీ ఎడతెగని పేచీ. వాడిప్పుడు ఫిల్మ్‌నగర్‌లో వీఎఫ్ఎక్స్ కంపోజిటర్. సెట్లో తీసిన సీన్లలో ఆకాశాలు మార్చడం వాడి ఉద్యోగం.

"మామా, నువ్వు పది గంటలు కూర్చున్నది నేను పది నిమిషాల్లో దింపుతా."

"దింపు. ఎంత సైజులో పెడతావ్?"

"సీన్‌కి ఎంత కావాలంటే అంత."

వాణ్ణి ఒకసారి లెక్కలోకి లాగాను. 24 మిల్లీమీటర్ల లెన్సుతో, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో తీసిన రాత్రి సీను అనుకో, హీరో హీరోయిన్ కొండ మీదున్నారు. అసలు చంద్రుడు ఆ ఫ్రేము వెడల్పులో సుమారు 165వ వంతు ఉంటాడు. యాభై అడుగుల తెర మీద నాలుగంగుళాలు కూడా రాడు. వాడు నవ్వాడు. "అలా పెడితే డైరెక్టర్ చంద్రుడేడి అంటాడు. నాలుగడుగులు చేస్తే అప్పుడు బాగుంది అంటాడు. మనిషి కంటికి చంద్రుడు అంత ఉన్నట్టే అనిపిస్తాడు మామా. కొలిస్తే ఎంతున్నాడన్నది నీ టెలిస్కోపుకి కావాలి, ప్రేక్షకుడికి కాదు."

వాడి మాట కొట్టిపారేయలేను. తూర్పున ఉదయించే పున్నమి చంద్రుడు నడినెత్తి చంద్రుడి కంటే పెద్దగా కనిపిస్తాడు, కెమెరాతో కొలిస్తే ఏమీ తేడా ఉండదు. మనసు చేసే వీఎఫ్ఎక్స్ అది. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లీ పడవ పాటకి దీపాలతో పుట్టించిన వెన్నెల నాకు ఎప్పుడూ అబద్ధమనిపించలేదు. మా అమ్మకైతే అసలు వెన్నెల కంటే అదే వెన్నెల. కానీ ఆ వెన్నెల చూసేనాటికి ప్రేక్షకుడికి ఇంటి ముందు అసలు వెన్నెల కూడా ఉంది, పోల్చుకోవచ్చు. మా అమ్మాయికి పోల్చుకోవడానికి ఏముంది? ఏడేళ్ళొచ్చాయి, పాలపుంతని ఒక్కసారీ చూడలేదు. దాని లెక్కలో గెలాక్సీ అనేది ఫోన్లో ఉండే వస్తువు. "నాన్నా, ఇది ఏ యాప్‌లో ఉంది?" అని అడిగింది రోజెట్‌ని చూసి. నేను ఈ కొలతల వెంట పడడానికి అసలు కారణం ఆ ప్రశ్న. ఆ గులాబీ మన ఇంటి మీద ఇంత మేర ఉంది అని దానికి చేత్తో చూపించగలగాలి.

దారి దొరికింది ఊహించని చోట. బేగంపేటలో.

సెస్‌లో సెమినార్లకి వెళ్ళేవాళ్ళకి ఆ అడ్రసు తెలుసు: నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్, బేగంపేట. చాలామంది ఆ పేరులో అబ్జర్వేటరీ ఎందుకుందో ఆలోచించరు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో మొదలుపెట్టిన వేధశాల అది. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం చేతికొచ్చి, బేగంపేటకి మారి, 1919లో ఉస్మానియా యూనివర్సిటీలో కలిసింది. అక్కడ 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్ ఒకటుండేది. ఆస్ట్రోగ్రాఫ్ అంటే ఆకాశాన్ని ఫొటో తీయడానికే కట్టిన టెలిస్కోపు. 1887లో పారిస్‌లో మొదలైన 'కార్త్ దు సియెల్' అనే మహా ప్రయత్నంలో, అంటే పలు దేశాల వేధశాలలు ఆకాశాన్ని వాటాలు పంచుకుని గాజు ప్లేట్ల మీద ఫొటో తీసి చుక్కల పట్టిక తయారుచేసే పనిలో, హైదరాబాద్ కూడా ఒక వాటాదారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మనది. మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చారు, వాళ్ళ వల్ల కాకపోతే మనకొచ్చింది. 1914 నుంచి 1929 దాకా, మొదట పోకాక్, తర్వాత టి.పి. భాస్కరన్ నాయకత్వంలో ఆ పని నడిచింది. వెయినూ బప్పూ వాళ్ళ నాన్న ఆ వేధశాలలోనే ఉద్యోగి. ఆ పిల్లవాడు ఆ టెలిస్కోపుల మధ్యే పెరిగి తర్వాత దేశంలో ఆధునిక ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ప్రాజెక్టులోని ఒక చిన్న నియమం. అన్ని దేశాల ప్లేట్లూ ఒకదానితో ఒకటి కలవాలి కదా, అందుకని కొలత ఒకటే పెట్టుకున్నారు. ఆకాశంలో ఒక కళ, ప్లేటు మీద ఒక మిల్లీమీటరు.

కళ అంటే డిగ్రీలో 60వ వంతు. పంచాంగాల్లో భాగలు, కళలు, వికళలు అని వేస్తారే, అదే కళ. (చంద్రకళ వేరే. ఈ లెక్కన నిండు చంద్రుడికి పదహారు కళలు కాదు, 31.) ఇంగ్లిషులో ఆర్క్ మినిట్ అంటూ నోరు తిప్పుకునే బదులు తాతలనాటి మాట ఉండగా వాడుకోకపోవడం ఎందుకు?

ఆ నియమం చదివాక ఇంజనీరు బుర్ర ఊరుకోదు. ఒక మిల్లీమీటరు ఒక కళంత కనబడాలంటే ఎంత దూరం నుంచి చూడాలి? 3,438 మిల్లీమీటర్లు. అంటే మూడు మీటర్ల 44 సెంటీమీటర్లు, పదకొండడుగుల మూడంగుళాలు. ఆ ప్రాజెక్టుకి నిర్ణయించిన టెలిస్కోపుల పొడవు కూడా సరిగ్గా అంతే, 3.4 మీటర్ల పైచిలుకు. అందులో మాయేమీ లేదు, జ్యామితి ఒకటే. కానీ మా హాల్లో సోఫా వీపు నుంచి ఎదురు గోడ దాకా టేపు పెట్టి కొలిస్తే పదకొండున్నర అడుగులు వచ్చింది.

అంటే మిల్లీమీటరుకి ఒక కళ చొప్పున ఫొటో ప్రింటు తీసి ఆ గోడకి అంటించి సోఫాలో కూర్చుంటే, ఆ నీహారిక ఆకాశంలో ఎంతుందో నా కంటికి అంతే ఉంటుంది. రెట్టింపు కాదు, సగం కాదు. పక్కన చంద్రుణ్ణి అతికించే పని లేదు, కాంతి సంవత్సరాలు రాసే పని లేదు. సోఫాలో కూర్చోవాలి, అంతే. ఇంకో మంచి సంగతి, మామూలు కంటికి విడివిడిగా తెలిసే అతి సన్న కొలత కూడా దాదాపు ఒక కళే. ఆ గోడ మీద మిల్లీమీటరు కంటే చిన్నది ఏముందో మన కళ్ళకి తెలియదు, ఆకాశంలో తెలియనట్టే.

ముందుగా చంద్రుడు. 31 మిల్లీమీటర్లు. గోడకి అంటించే ముందు ఇంటికొచ్చినవాళ్ళకి ఒక ఆట పెట్టాను. బల్ల మీద అన్నం కంచం, టీ సాసరు, మంచినీళ్ళ సీసా మూత, పది రూపాయల బిళ్ళ. సోఫాలో కూర్చోబెట్టి, "వీటిలో ఏది గోడకి పెడితే నిండు చంద్రుడంత ఉంటుంది?" అని అడిగాను. మా అమ్మాయి కంచం అంది. వీఎఫ్ఎక్స్ మామ తెలివిగా తగ్గించి సాసరన్నాడు. ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు కంచం, ఒకరు సాసరు. ఒక్క మా ఇంటిగలాయన, కింద వాటాలో ఉండే చాచా మాత్రం, ఆలోచించకుండా బిళ్ళ తీసి చూపించారు. "ఇత్తాచ్ రహతా బేటా." ఇంతే ఉంటాడు అని. 27 మిల్లీమీటర్ల బిళ్ళ అది, చంద్రుడికి నాలుగు మిల్లీమీటర్లే తక్కువ.

ఆయనకెలా తెలుసని ఆశ్చర్యపడనక్కర్లేదు. షాబాన్ 29న ఒకసారి, రంజాన్ 29న ఒకసారి, డెబ్భై ఏళ్ళుగా డాబాలెక్కి నెలవంక కోసం పడమటి ఆకాశాన్ని వేలితో గాలిస్తున్న మనిషి. వెతికినవాడికి వస్తువు ఎంత చిన్నదో తెలుస్తుంది. మాకు అలాంటి అలవాటు లేదు. మాకున్న పండగ వినాయక చవితి, ఆ రోజు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు.

సరిగ్గా 31 మిల్లీమీటర్ల వస్తువు మా అమ్మ దగ్గర దొరికింది. లక్ష్మీపూజలో పెట్టే జార్జి బొమ్మ వెండి రూపాయి, 30.5 మిల్లీమీటర్లు. అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు తెచ్చింది. దాన్ని గోడకి అంటిస్తానంటే ఇవ్వలేదు. "లక్ష్మీదేవి పెట్టెలోది నీ గోడకి బంకతో అంటిస్తావుట్రా?" దాని చుట్టూ పెన్సిలు తిప్పి తెల్ల అట్టముక్క కత్తిరించుకున్నాను.

ఆ అట్టముక్క పక్కన ఒక్కొక్కటీ చేరాయి. రోజెట్ 8 సెంటీమీటర్లు. ఓరియన్ నెబ్యులా ఆరున్నర. నార్త్ అమెరికా నెబ్యులా 12, అరచేయి పూర్తిగా చాపి పెడితే సరిపోతుంది. ఆండ్రోమెడా 19 సెంటీమీటర్లు, అది టోలిచౌకి నుంచి రాదు, దాని వెలుగు ఫిల్టరుకి దొరికేది కాదు, వికారాబాద్ దాటి వెళ్ళి తీసుకొచ్చాను. ఓరియన్‌ని సగం చుట్టేసే బర్నార్డ్ లూప్ 60 సెంటీమీటర్లు, నాలుగు కాగితాలు అతికించాల్సొచ్చింది. ఇంకో వైపు క్రాబ్ నెబ్యులా, అంత పేరున్నది, కందిగింజంత. 2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు మొదటి లోతైన చిత్రం, వేల గెలాక్సీలున్నదని ప్రపంచమంతా చూసింది కదా, ఆ ఆకాశం ముక్క ఈ గోడ మీద 2.4 మిల్లీమీటర్లు. వెబ్ గొప్పతనం అక్కడుంది. కానీ అన్నీ వెబ్ లాంటివాటికే కనబడతాయనుకోవడం వేరు.

సోఫాలో కూర్చుని చూస్తే మొదట తెలిసేది, ఆండ్రోమెడా ముందు చంద్రుడు ఎంత అల్పుడో. నవంబరు మధ్యలో రాత్రి తొమ్మిదిన్నరకి అది హైదరాబాద్ ఆకాశంలో బాగా ఎత్తున ఉంటుంది. ఈ వెడల్పున.

అమ్మ ఆ గోడని చాలాసేపు చూసి, "బానే ఉన్నాయి గానీ, పాలవెల్లి ఎక్కడ పెడతావు?" అంది. చిన్నప్పుడు వేసవిలో ఆరుబయట నులక మంచాల మీద పడుకుంటే పాలవెల్లి ఈ చూరు నుంచి ఆ చూరు దాకా ఉండేదని చెప్పింది. తర్వాత ఒక మాటంది: "అందుకే కదరా చవితికి పాలవెల్లి గోడకి కొట్టం, నెత్తిన కడతాం." ఇన్నేళ్ళు ఆ కర్రల చట్రానికి వెలక్కాయలు, మొక్కజొన్న కంకులు కట్టిన నాకు అది ఆకాశం నమూనా అని తెలుసు గానీ, ఎక్కడ వేలాడదీయాలో కూడా నమూనాలో భాగమేనని తట్టలేదు. అమ్మ చెప్పింది జ్యామితిపరంగా కూడా నిజం. నా పద్ధతి 10, 20 డిగ్రీల దాకానే నడుస్తుంది. దక్షిణాన వెలా వైపు గమ్ నెబ్యులా అని ఒకటుంది, 36 డిగ్రీలు. అది ఈ గోడ మీద రెండు మీటర్లు దాటిపోతుంది, అంచులు సాగిపోతాయి. పాలపుంతకి ఏ గోడా చాలదు.

గోడ ఎంత చెప్పినా గోడే కాబట్టి, ఆకాశంలోనే కొలబద్ద దొరికే రోజు కోసం చూశాను. ఆండ్రోమెడా దగ్గరికి చంద్రుడు వెళ్ళడు గానీ కృత్తికల దగ్గరికి నెల నెలా వెళ్తాడు. కార్తీకమాసానికి ఆ పేరు రావడమే పున్నమినాడు చంద్రుడు కృత్తికల దగ్గరుంటాడని. మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేది. ఎవర్నడిగినా ఆ గుంపు మొత్తం చంద్రుడి కంటే చిన్నదనే చెబుతారు. 2025 రంజాన్ మొదటి వారంలో నెలవంక ఆ పిల్లలకోడి పక్కకి వచ్చింది. ఇఫ్తార్ అయ్యాక చాచాని, మా అమ్మాయిని డాబా మీదికి పిలిచి బైనాక్యులర్స్ ఇచ్చాను. చంద్రుడు ఒక పక్క, ఆ ఏడు చుక్కలు ఒక పక్క, రెండూ ఒకే చూపులో. చుక్కల గుంపు చంద్రుడికి రెండింతలుంది. ఎవరూ ఏదీ అతికించలేదు.

చాచా చాలాసేపు బైనాక్యులర్స్ దించలేదు. తర్వాత, ఈ చుక్కలు ఎప్పుడూ ఇంత ఉండేవా అని అడిగారు. ఉండేవన్నాను. మా అమ్మాయి మాత్రం బైనాక్యులర్స్ తీసేసి, ఒట్టి చేత్తో, బొటనవేలూ చూపుడువేలూ ఆకాశానికి పెట్టి కొలుచుకుంటూ నిలబడింది. రోజెట్ ఎక్కడుందని అడిగింది. ఆర్ద్ర నక్షత్రం చూపించి, దానికి ఎడమ పక్కగా ఖాళీగా, నారింజరంగులో వెలిగే ఆకాశాన్ని చూపించాను. "అక్కడేం లేదు కదా" అంది. వేళ్ళు మాత్రం రెండున్నర చంద్రులంత తెరిచి ఆ ఖాళీకి ఆనించింది.

వీఎఫ్ఎక్స్ మామ ఇంకా ఒప్పుకోలేదు. గోడ బాగుంది గానీ థియేటర్లో నిలబడదంటాడు. కాకపోతే ఈ మధ్య ఒక సీనుకి ఆకాశం పెడుతూ "ఎన్ని డిగ్రీలు పెట్టమంటావ్?" అని ఫోన్ చేశాడు. ఎన్ని పెట్టాడో సినిమా వస్తే గానీ తెలీదు.

ఈ గోడకి అన్నిటికంటే గట్టి శత్రువు మా వీధి చివరి ప్రింటింగ్ షాపు కుర్రాడు. ప్రతి ఫైలుకీ, "సార్, బొమ్మ చిన్నగా వచ్చింది, ఫిట్ టు పేజ్ కొట్టనా?" అంటాడు. వద్దంటే జాలిగా చూస్తాడు. వాడి చేతిలో పడితే కందిగింజ, గెలాక్సీ మళ్ళీ ఒకటే సైజయిపోతాయి. పోయిన వారం ఎం57 ఫైలు తీసుకెళ్ళాను. ఏ4 కాగితం మొత్తం నలుపు, మధ్యలో 1.4 మిల్లీమీటర్ల నీలపు ఉంగరం. ఆవగింజ కంటే చిన్నది. ప్రింటు బయటికొచ్చాక అటూ ఇటూ తిప్పి, లైటు కింద పెట్టి చూసి, కాగితం నా చేతికిచ్చాడు. "దీనికి డబ్బులొద్దులెండి సార్, ఏం పడలేదు."